బడి పిల్లలకు ప్రపంచ సినిమా: ఇరవై చూపించాలా, ఆరు చూపించాలా?

బడిగంట

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ ఏడు మా బడిలో పిల్లల కోసం అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరపాలనుకుంటున్నాం. ఆరు నుంచి పది వరకు అన్ని తరగతులూ కలిపి దాదాపు 400 మంది పిల్లలు. ఐదు రోజులు, రోజుకు నాలుగు చొప్పున 20 సినిమాలు, 20 దేశాలు. దేశానికొక సినిమా ఉండాలని మా ప్రధానోపాధ్యాయురాలి ఆలోచన. గోడ మీద ప్రపంచపటం పెట్టి, సినిమా చూసిన ప్రతి దేశానికీ పిల్లల చేత రంగు వేయించాలని నా ఆలోచన.

ఈ కోరిక ఎందుకు పుట్టిందో చెబుతాను. పాఠంలో ఇరాన్ పేరు రాగానే పిల్లలు చమురు అంటారు. జపాన్ అంటే భూకంపాలు. ఆ దేశాల్లోనూ తమ ఈడు పిల్లలు పొద్దున్నే బడికి పరుగెత్తుతారని, నోటుపుస్తకం పోతే ఏడుస్తారని, తమ్ముడితో పోట్లాడతారని వాళ్లకు తోచదు. ఆ మాట నేను వందసార్లు చెప్పగలను. చూపించడం మాత్రం నా చేతిలో లేదు, సినిమాకు అది చేతనవును.

సినిమాల గురించి నాకు తెలిసింది తక్కువ. జాబితా ఎలా వేయాలి? సబ్‌టైటిళ్లు పిల్లలు చదవగలరా? అనుమతి ఎవరిని అడగాలి? తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే ఏం చేయాలి? ఇలాంటిది చేసినవారు, చేయబోయి ఆగినవారు కూడా దయచేసి రాయండి.

గ్రంథాలయవాసి

బడిగంట గారూ, ముందుగా మీ సంకల్పానికి నమస్కారం. నా మొదటి మాట కాస్త కటువుగా ఉంటుంది, మన్నించండి. ఇరవై వద్దు.

నేను పన్నెండేళ్లుగా ఒక గ్రంథాలయంలో శనివారాలు పిల్లలకు సినిమాలు వేస్తున్నాను. మొదటి ఏడాది మీలాగే ఉత్సాహపడి మూడు రోజుల్లో పదకొండు చూపించాం. చివరి రోజు ఒక అమ్మాయిని ఏది నచ్చిందమ్మా అని అడిగితే, రెండు సినిమాలను కలిపి ఒకే కథగా చెప్పింది. అందులో ఆ పిల్ల తప్పు లేదు. ఒకటి మనసులో ఇంకకముందే మేం ఇంకొకటి తెచ్చి పోశాం.

ఫ్రాన్స్‌లో ప్రాథమిక పాఠశాలల కోసం 1994లో 'ఎకోల్ ఎ సినిమా' అనే పేరుతో మొదలైన కార్యక్రమం ఒకటి నడుస్తోంది. పిల్లలను అసలైన సినిమా హాలుకే తీసుకెళతారు. ఏడాది మొత్తం మీద చూపించేది మూడు సినిమాలు, కాస్త అటూ ఇటూ. ఒక్కొక్కదాని చుట్టూ తరగతిలో మాటలు, బొమ్మలు, రాతలు వారాల తరబడి సాగుతాయి. అక్కడి విమర్శకుడు అలెన్ బెర్గాలా బడిలో సినిమా గురించి 2002లో ఒక పుస్తకమే రాశారు. సినిమాను పాఠానికి బొమ్మగా వాడుకోవద్దని, పిల్లల ఎదుట కళగా నిలబెట్టమని ఆయన వాదన. ఆ పనిలో ఉపాధ్యాయుడు పడవ నడిపేవాడి వంటివాడు. ఒడ్డు దాటిస్తాడు, అవతల ఏం చూడాలో ఆజ్ఞాపించడు.

ప్రపంచపటం సంగతి కూడా చెప్పాలి. దేశానికొక సినిమా అనగానే ఆ సినిమా మోయలేని బరువు దాని నెత్తిన పడుతుంది. మజీద్ మజీదీ తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' ఒక్కటే చూపించారనుకోండి. అన్నాచెల్లెళ్లు ఒకే జత బూట్లను వంతులవారీగా తొడుక్కుని బడికి పరుగెత్తే కథ అది. 1997లో వచ్చింది, ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి ఇరాన్ చిత్రం. ఎంత మంచి సినిమా అయినా, ఇరాన్ అంటే చమురు అన్న పిల్లవాడు మర్నాటి నుంచి ఇరాన్ అంటే బూట్లు లేని పిల్లలు అంటాడు. దేశాలు తగ్గించండి. ఒకే దేశం నుంచి ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు సినిమాలు చూపించండి. అప్పుడు వాళ్లకు ఆ దేశం ఒక మాటలో ఇమడదని తెలుస్తుంది.

తెరవెనుక

నేను ప్రొజెక్టర్ నడిపేవాణ్ని. చిన్న ఉత్సవాలు సినిమాల ఎంపిక వల్ల చెడిపోవడం తక్కువ, తెర ఎత్తు వల్ల చెడిపోవడం ఎక్కువ. సబ్‌టైటిళ్లు తెర అడుగున వస్తాయి. బడి హాలులో నేల చదునుగా ఉంటుంది. ముందు వరుసల తలలు సరిగ్గా ఆ రెండు పంక్తులనే కప్పేస్తాయి. వెనక కూర్చున్న సగం మంది పిల్లలు మొదటి పది నిమిషాలు మెడలు సాచి చూస్తారు, తర్వాత పక్కవాళ్లతో కబుర్లలో పడతారు. క్రమశిక్షణ లేదని వాళ్లకే చీవాట్లు పడతాయి. నేను ఇది ఎన్నిసార్లు చూశానో చెప్పలేను, చూసిన ప్రతిసారీ కడుపు మండింది.

తెర అడుగు అంచు, కూర్చున్న పిల్లల తలల కంటే పైన ఉండాలి. ముందు రోజే మీరు చివరి వరుసలో పిల్లలు కూర్చునే ఎత్తులోనే కూర్చోండి. ఎదురుగా నలుగురిని కూర్చోబెట్టి అక్షరాలు చదవగలరేమో చూడండి.

తర్వాత చీకటి. ప్రొజెక్టర్ వెలుగునే వేయగలదు, నలుపును వేయలేదు. తెర మీద నలుపు అంటే అక్కడ వెలుగు పడకపోవడం, అంతే. కిటికీ సందులోంచి పగటి వెలుగు వస్తే రాత్రి దృశ్యాలన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. కిటికీలకు మందపాటి నల్లగుడ్డ కట్టండి, తలుపు పైన ఉండే సందులు కూడా మరవకండి.

శబ్దం విషయంలో ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకరును నమ్మవద్దు. బొమ్మ ముందు, మాట వెనక అయితే పిల్లల మనసు కుదరదు. స్పీకర్లు తెరకు ఇరువైపులా, పిల్లల తలలకు పైగా ఉండాలి. ఖాళీ హాలులో సరిచూసుకున్న శబ్దం, పిల్లలతో నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది. శరీరాలూ బట్టలూ దాన్ని పీల్చుకుంటాయి. అందుకే మొదటి రెండు నిమిషాలు ఒక మనిషి వెనక నిలబడి వినాలి.

నెట్‌ను నమ్ముకుని సినిమా వేయవద్దు. డిస్కులో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. 400 మందిని ఒక్కసారిగా కూర్చోబెట్టవద్దు, 80 మందికి మించితే చివరి వరుసకు సినిమా చేరదు.

నాన్న_మనసు

నేను టీచరును కాను, ఆరో తరగతి చదివే అమ్మాయికి తండ్రిని. నా మాటలు ఉత్సవానికి అడ్డుపుల్ల అనుకోవద్దు.

రెండేళ్ల కిందట మా పాప చదివిన బడిలో ఒక విదేశీ సినిమా చూపించారు. ఇంటికి వచ్చిన చీటీలో సినిమా పేరు, సమయం తప్ప ఏమీ లేవు. ఆ రాత్రి పాప నిద్రపోలేదు. సినిమాలో ఒక తల్లి చనిపోతుంది. మా ఇంట్లో అప్పటికి నాలుగు నెలల ముందే మా అమ్మ, అంటే పాప నాయనమ్మ, పోయింది. బడికి ఆ సంగతి తెలుసు. చూపించవద్దని నేను అనేవాణ్ని కాదు. ముందుగా తెలిస్తే ఆ రోజు పాప పక్కన ఉండేవాణ్ని.

నా ప్రశ్నలు రెండు. ఆరో తరగతికీ పదో తరగతికీ ఒకే సినిమా ఎలా సరిపోతుంది? ఏ సినిమాలో ఏముందో తల్లిదండ్రులకు ముందే చెప్పడం కష్టమా?

గ్రంథాలయవాసి

నాన్న_మనసు గారూ, కష్టం కాదు, చెప్పితీరాలి. కథ, నిడివి, భాష, అందులో మరణం, హింస, భయపెట్టే దృశ్యం ఏవైనా ఉంటే అవి, అన్నీ కలిపి సినిమాకు నాలుగు వాక్యాల చీటీ చాలు. మేం ఇంకో అడుగు వేశాం. ముందు వారం తల్లిదండ్రుల కోసం అవే సినిమాలు ఒకసారి వేస్తాం. వచ్చేది పది మందే, కానీ ఆ పది మందీ మిగతా వాళ్లకు చెబుతారు.

తరగతులను కూడా విడదీయాలి. బెర్లిన్ చలనచిత్రోత్సవం 1978 నుంచి పిల్లల సినిమాలకు విడిగా ఒక విభాగం నడుపుతోంది. అక్కడే చిన్నపిల్లలకు ఒక వరుస, పద్నాలుగేళ్లు దాటినవారికి మరో వరుస ఉన్నాయి. మనకూ ఆరు, ఏడు ఒక జట్టు, ఎనిమిది నుంచి పది ఇంకో జట్టు అయితే బాగుంటుంది.

కోత విషయంలో ఒక చరిత్ర చెప్పాలి. కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ 1952లో 'నైబర్స్' అనే ఎనిమిది నిమిషాల చిత్రం తీశారు. ఇరుగుపొరుగు ఇద్దరి మధ్య ఒక పువ్వు మొలుస్తుంది. అది నాదంటే నాదని కంచె కడతారు, కొట్టుకుంటారు, చివరికి ఇద్దరూ చస్తారు. బతికున్న మనుషులనే బొమ్మల్లా ఒక్కో ఫ్రేము చొప్పున చిత్రీకరించి కదిలించారు. అందులో ఒకరి భార్యాబిడ్డల మీద మరొకరు దాడి చేసే చిన్న దృశ్యం ఉంది. అమెరికా, యూరప్ ప్రేక్షకులకు చూపించాలంటే అది తీసేయమన్నారు, తీసేశారు. వియత్నాం యుద్ధ కాలంలో జనం మనసు మారింది, తిరిగి పెట్టమన్నారు. అప్పటికి ఆ భాగం మూల నెగటివు లేదు. ఒక ప్రింటు నుంచి తీసి అతికించాల్సి వచ్చింది.

ఈ కథ నేను రెండు వైపులకూ చెబుతాను. ఆ దృశ్యం పదో తరగతి పిల్లలు చూడాలి, ఎందుకంటే పోట్లాట ఎక్కడికి పోతుందో అది దాచదు. ఆరో తరగతికి ఆ సినిమానే వద్దు, వాళ్లకు వేరే సినిమా వేద్దాం. సినిమాను కోసి చిన్నపిల్లలకు సరిపోయేలా చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. అది దర్శకుడికీ పిల్లలకూ ఇద్దరికీ అన్యాయం.

దుఃఖం, భయం ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. పిల్లలు దుఃఖాన్ని మనం అనుకున్నదానికంటే బాగా మోస్తారు, పక్కన ఒక మనిషి ఉంటే. మీరు అడిగింది ఆ మనిషిగా ఉండే అవకాశమే. అది న్యాయమైన కోరిక.

అక్షరధార

సబ్‌టైటిళ్లు రాయడం నా వృత్తి. పిల్లలు చదవగలరా అన్న ప్రశ్నకు నా జవాబు: కొందరు చదువుతారు, చాలామంది సగమే చదువుతారు, కొందరు చదవలేరు. ఆ చదవలేని పిల్లలు చెయ్యెత్తి ఆ సంగతి చెప్పరు.

మా వృత్తిలో పాత లెక్క ఒకటి ఉంది. తెర మీద రెండు నిండు పంక్తులు ఉంటే పెద్దలకు ఆరు సెకన్లు ఇవ్వాలి. పిల్లలకు ఇంకా ఎక్కువ కావాలి. అంటే మాటలు తగ్గించాలి. పాత్ర పది మాటలు అంటే మనం ఐదు మాటల్లో చెప్పాలి. మన లిపిలో ఒత్తులు, గుణింతాలు ఉన్నాయి కాబట్టి అక్షరం చిన్నదైతే వెనక వరుసకు 'క్క' ఏదో 'క్ష' ఏదో తెలియదు. అక్షరం పెద్దది చేస్తే పంక్తిలో పట్టే మాటలు తగ్గుతాయి. ఆ తగ్గించే పనిలోనే అనువాదకుడి ప్రతిభ అంతా తేలుతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వేసి ఇదే చాలనుకుంటే, అది ఇంగ్లిష్ బాగా వచ్చిన పది మంది కోసం చేసిన ఉత్సవం అవుతుంది. దయచేసి అలా చేయకండి.

దీనికి ఒక మంచి దారి ఉంది. బెర్లిన్ ఉత్సవంలో చిన్నపిల్లల ప్రదర్శనలకు ఒకరు హాలులోనే మైకు ముందు కూర్చుని, అన్ని పాత్రల మాటలనూ జర్మన్‌లో అప్పటికప్పుడు చదువుతారు. అసలు గొంతులు వెనక సన్నగా వినిపిస్తూనే ఉంటాయి. జపాన్‌లో మూకీల కాలంలో 'బెన్షీ' అనే కథకులు తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు, జనం కొన్నిసార్లు సినిమా కంటే బెన్షీ కోసమే వచ్చేవారు. దర్శకుడు అకిరా కురొసావా అన్నయ్య కూడా బెన్షీయే.

మీ బడిలో గొంతు బాగున్న టీచరును, వీలైతే ఇద్దరు పదో తరగతి పిల్లలను ఎంచుకోండి. సంభాషణలు మన భాషలో రాసివ్వడానికి నేను సిద్ధం, రెండు సినిమాలకు ఉచితంగా రాస్తాను. చదివేవారు నటించకూడదు, అదొక్కటే నియమం. నటన తెర మీద ఉంది. గొంతు నెమ్మదిగా, స్పష్టంగా, పాత్రకు అర సెకను వెనకగా రావాలి.

హక్కుల_మాట

ఎవరూ ఎత్తని ముచ్చట నేను ఎత్తుతాను. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కు, నెలనెలా చందా కట్టే ఓటీటీ, ఇవి ఇంటి కోసం మాత్రమే. హాలులో జనానికి చూపించే హక్కు వేరు, దాన్ని పంపిణీదారు నుంచో నిర్మాణ సంస్థ నుంచో విడిగా తీసుకోవాలి. తరగతి గదిలో పాఠంలో భాగంగా చూపిస్తే కొన్ని దేశాల చట్టాలు మినహాయింపు ఇస్తాయి. ఉత్సవం అని పేరు పెట్టి, బయటివారిని పిలిచి, టికెట్టు పెడితే ఆ మినహాయింపు నిలవదు. మీ చోటి చట్టం ఏమంటుందో తెలిసినవారిని అడగండి.

భయపడి ఆగిపోవద్దు. ఉత్తరం రాయండి. ఏ బడి, ఎంతమంది పిల్లలు, ఎన్ని ప్రదర్శనలు, టికెట్టు ఉందా లేదా, ఈ నాలుగూ మొదటి పేరాలోనే ఉండాలి. పిల్లల కోసం అంటే నామమాత్రపు రుసుముతో ఇచ్చేవారు ఉన్నారు, ఉచితంగా ఇచ్చేవారూ ఉన్నారు. జవాబుకు కనీసం రెండు నెలలు పట్టవచ్చు. దేశ రాయబార కార్యాలయాల సాంస్కృతిక విభాగాలను కూడా అడగండి, తమ సినిమాలు చూపించడం వాళ్ల పనిలో భాగం.

పాత మూకీల్లో కొన్నింటికి హక్కుల గడువు తీరిపోయింది. లూమియేర్ సోదరులు 1895లో తీసినవి, ఫ్రాన్స్ దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర అలాంటివి. అయినా ఒక జాగ్రత్త ఉంది. ఎవరైనా కొత్తగా శుభ్రం చేసి, కొత్త సంగీతం కట్టి విడుదల చేస్తే ఆ సంగీతానికి కొత్త హక్కు ఉంటుంది.

నీలికలువ

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతూ ఉంటాను. ఇవాళ రాయాలనిపించింది.

నాకు పదకొండేళ్లప్పుడు మా బడిలో ఒక సార్ నల్లబల్ల మీద తెల్లదుప్పటి కట్టి ఒక సినిమా వేశారు. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారోస్తమీ 1987లో తీసిన సినిమా, 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్'. ఒక పిల్లవాడు పొరపాటున స్నేహితుడి నోటుపుస్తకం తన సంచిలో ఇంటికి తెచ్చేస్తాడు. ఆ పుస్తకంలో హోంవర్క్ రాయకపోతే స్నేహితుణ్ని బడి నుంచి వెళ్లగొడతానని టీచరు బెదిరించి ఉంటాడు. ఆ పుస్తకం తిరిగి ఇవ్వడానికి కొండ మీది దారిలో పక్క ఊరికి పరుగెత్తుతాడు. ఇల్లు ఎక్కడో తెలియదు. పెద్దవాళ్లెవరూ అతని మాట పూర్తిగా వినరు. అదే సినిమా.

మా తరగతిలో సగం మంది విసుక్కున్నారు. ఏమీ జరగడం లేదు అన్నారు. నాకు మాత్రం గుండె దడదడలాడింది. పెద్దవాళ్లు వినకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లో నేను చెప్పాలనుకున్నది ఎవరూ విననందువల్ల నేను మాట్లాడటం మానేసిన ఏడాది అది. ఇంకో దేశంలో, నాకు రాని భాషలో ఒక పిల్లవాడు అదే మాటను మూడుసార్లు నాలుగుసార్లు అమ్మకు చెబుతుంటే, ఆమె చెవిన పడకుండా పనులు చెబుతుంటే, ఈ సంగతి నా ఒక్కదానికే కాదని మొదటిసారి తెలిసింది.

సార్ తర్వాత ప్రశ్నలేమీ అడగలేదు. దుప్పటి మడతపెట్టి, రేపు ఎవరైనా మాట్లాడాలనుకుంటే మధ్యాహ్నం చెట్టు కింద ఉంటాను అన్నారు. నేను వెళ్లాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆయన విన్నారు.

బడిగంట గారూ, 400 మందిలో అలాంటి పిల్ల ఒకరు ఉంటారు. ఆమె ఏ సినిమాకు కదులుతుందో మీకు ముందుగా తెలియదు. కాబట్టి ఆ తర్వాత ఆమె వచ్చి మాట్లాడటానికి ఒక చోటు ఉంచండి.

బడిగంట

నీలికలువ గారూ, మీ మాటలు మా ఉపాధ్యాయుల గదిలో చదివి వినిపించాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. ప్రతి సినిమా తర్వాత పది ప్రశ్నల పత్రం ఇవ్వాలని, 'ఈ చిత్రం నేర్పే నీతి ఏమిటి' అన్నది అందులో తప్పక ఉండాలని నా సహోద్యోగి ఒకరు పట్టుబడుతున్నారు. ఆయన మంచి ఉపాధ్యాయుడు. బడి సమయం తీసుకుంటున్నాం కాబట్టి పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపించాలి కదా అని ఆయన వాదన. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు, కానీ ఎదురు చెప్పడానికి సరైన మాట దొరకడం లేదు.

గ్రంథాలయవాసి

నీతి ఏమిటి అని అడిగారంటే, చీకట్లో కూర్చున్న పిల్లవాడు తెరను చూడటం మానేసి జవాబును వెతుకుతాడు. దొరికిందనుకోగానే చూడటం ఆపేస్తాడు. మీ సహోద్యోగి గారికి ఆ మాట చెప్పండి.

ఆయన కోరిక మాత్రం తీర్చవచ్చు. పిల్లలు ఏం చూశారో అడగండి, ఏం నేర్చుకున్నారో కాదు. మేం అడిగేవి ఇలాంటివి: సినిమాలో మీకు వినిపించిన మొదటి శబ్దం ఏది? ఏ దృశ్యంలో మీరు ఊపిరి బిగబట్టారు? కెమెరా ఎవరి ఎత్తులో ఉంది, పెద్దవాళ్ల ఎత్తులోనా, పిల్లల ఎత్తులోనా? మీకు నచ్చని మనిషి ఎవరు, అతని వైపు నుంచి కథ చెబితే ఎలా మొదలవుతుంది? వీటికి జవాబు చెప్పాలంటే పిల్లవాడు సినిమాను మళ్లీ మనసులో నడిపించుకోవాలి. మీ సహోద్యోగి గారికి కావాల్సిన నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

ఇటలీలోని జిఫోనీలో 1971 నుంచి పిల్లల చిత్రోత్సవం జరుగుతోంది. అక్కడ బహుమతి ఎవరికివ్వాలో తేల్చేది పిల్లలే, వాళ్లే జ్యూరీ. బడిలో కూడా ప్రతి తరగతి నుంచి ఇద్దరు చొప్పున జ్యూరీ వేయండి. వాళ్లు వాదించుకోవాలి, ఓటు వేసి ఊరుకోకూడదు. ఎందుకు అన్నది అందరి ముందు చెప్పాలి. ప్రశ్నపత్రం ఇవ్వలేని సాక్ష్యం ఆ వాదన ఇస్తుంది.

చేతిభాష

నేను వినికిడి లేని పిల్లలకు పాఠాలు చెబుతాను. సబ్‌టైటిళ్ల బదులు గొంతుతో చదవడం మంచిదని పైన అన్నారు. మా పిల్లలకు అది తలుపు మూసినట్టే. రెండూ ఉండాలి. ఇంకో సంగతి, మామూలు సబ్‌టైటిళ్లలో మాటలే ఉంటాయి. కుక్క మొరిగింది, తలుపు చప్పుడైంది, పాట ఆగిపోయింది అన్న సంగతులు కూడా రాయాలి, లేకపోతే పాత్ర ఎందుకు వెనక్కి తిరిగిందో మా పిల్లలకు అర్థం కాదు.

మాటలు లేని సినిమాతో మొదలుపెట్టండి అని నా విన్నపం. ఆల్బర్ట్ లామొరీస్ 1956లో తీసిన 'ద రెడ్ బెలూన్' 34 నిమిషాలు. పారిస్ వీధుల్లో ఒక పిల్లవాడి వెంట ఒక ఎర్ర బుడగ తిరుగుతుంది. మాటలు దాదాపు లేవు. ఆ పిల్లవాడు దర్శకుడి కొడుకే. నేను దాన్ని మా పిల్లలకూ పక్క బడి పిల్లలకూ కలిపి చూపించాను. ఆ 34 నిమిషాలూ ఎవరు వినగలరు, ఎవరు వినలేరు అన్న తేడా హాలులో లేదు. చివర బుడగలన్నీ లేచి వచ్చేటప్పుడు మా పిల్లలు చేతులు గాలిలో ఊపి చప్పట్లు కొట్టారు. పక్క బడి పిల్లలు వాళ్లను చూసి అలాగే ఊపడం నేర్చుకున్నారు.

మెక్‌లారెన్ 1957లో తీసిన 'ఎ చెయిరీ టేల్' కూడా చూడండి. తన మీద కూర్చోనివ్వని ఒక కుర్చీ, కూర్చోవాలనుకునే ఒక మనిషి. దానికి సితార్ వాయించింది రవిశంకర్. విననివారికి కథ, విన్నవారికి సితార్, అందరికీ నవ్వు.

అక్షరధార

చేతిభాష గారూ, మీరు చెప్పింది నిజం. నేను ఆ కోణంలో ఆలోచించలేదు. గొంతు చదువుతున్నా తెర మీద అక్షరాలు ఉండేలా, చప్పుళ్లు కూడా రాసి ఇస్తాను. నమూనా పంపుతాను, మీ పిల్లలకు చూపించి దిద్దండి.

నాన్న_మనసు

ఒక మాట చేర్చాలి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 17వ అధికరణం చదివాను. పిల్లలకు తమ దేశం నుంచే కాక ఇతర దేశాల నుంచి వచ్చే సమాచారం, సామగ్రి కూడా అందాలంటుంది, వాళ్లకు హాని చేసేవాటి నుంచి రక్షించే మార్గదర్శకాలూ ఉండాలంటుంది. రెండూ ఒకే అధికరణంలో ఉన్నాయి. నేను మొదట రెండో సగం మాత్రమే పట్టుకున్నాను. తల్లిదండ్రుల ప్రదర్శన పెడితే నేను కుర్చీలు సర్దడానికి వస్తాను.

బడిగంట

ఆలస్యంగా రాస్తున్నాను. ఉత్సవం ముగిసి పది రోజులైంది.

ఇరవై సినిమాలు కాస్తా ఆరు అయ్యాయి. ఐదు రోజులు మూడయ్యాయి. చిన్న జట్టుకు ఎర్ర బుడగ, కుర్చీ కథ, కియారోస్తమీ 1975లో తీసిన 'టూ సొల్యూషన్స్ ఫర్ వన్ ప్రాబ్లమ్'. పెద్ద జట్టుకు 'నైబర్స్', స్నేహితుడి ఇల్లు వెతికే సినిమా, సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 2012లో తీసిన 'వజ్దా'. సైకిలు కోసం పట్టుబట్టే అమ్మాయి కథ అది. ఆ దర్శకురాలు వీధి దృశ్యాలు తీసేటప్పుడు మగవాళ్ల మధ్య నిలబడే వీలులేక వ్యానులో కూర్చుని వాకీటాకీలో ఆదేశాలిచ్చారని చెప్పగానే, తొమ్మిదో తరగతి అమ్మాయిలు సినిమాను రెండోసారి వేయమని అడిగారు. ఒక సినిమాకు అనుమతి రాలేదు, దాన్ని వదిలేశాం. ప్రపంచపటానికి రంగు వేయలేదు.

తెర ఎత్తు విషయంలో తెరవెనుక గారి మాట విని బల్లల మీద బల్లలు పెట్టించాం. మొదటి ప్రదర్శనలోనే స్పీకరు తీగ ఊడిపోయి ఐదు నిమిషాలు శబ్దం పోయింది. అది ఎర్ర బుడగ కాబట్టి ఎవరూ కదల్లేదు.

'టూ సొల్యూషన్స్' ఐదు నిమిషాలే. ఒకడు తీసుకున్న పుస్తకం చిరిగి తిరిగి వస్తుంది. మొదటి దారిలో ఇద్దరూ ఒకరి వస్తువులు ఒకరు విరగ్గొట్టుకుంటారు. రెండో దారిలో చింపినవాడు జిగురుతో అతికించి ఇస్తాడు. రెండో దారి మంచిదని అందరూ చెబుతారని మా సహోద్యోగి గారు ఎదురుచూశారు. ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, మొదటి దారిలో ఇద్దరూ ఎంత శ్రద్ధగా విరగ్గొడుతున్నారో చూశారా సార్, అతికించేటప్పుడు కూడా అంతే శ్రద్ధగా ఉన్నాడు అన్నాడు. మా సహోద్యోగి గారు ఆ వాక్యం తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ప్రశ్నపత్రం ఊసు మళ్లీ రాలేదు.

విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. స్నేహితుడి ఇల్లు సినిమాకు పెద్ద జట్టులో ముగ్గురు నిద్రపోయారు. జ్యూరీలో ఒక అబ్బాయి అది చాలా నెమ్మది అని గట్టిగా వాదించాడు, పక్కనున్న అమ్మాయి సినిమాలో పిల్లవాడి దారి నెమ్మదిది కాదు, మన చూపు తొందరది అంది. నలభై నిమిషాలు వాదించుకున్నారు. బహుమతి చివరికి 'వజ్దా'కే వెళ్లింది, ఒక్క ఓటు తేడాతో.

నీలికలువ గారి మాట ప్రకారం మూడు రోజులూ మధ్యాహ్నం గ్రంథాలయంలో కూర్చున్నాను. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు ఇద్దరు వచ్చి బొమ్మల పుస్తకాలు తిరగేసి వెళ్లారు. మూడో రోజు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చాడు. చదవడం సరిగ్గా రానందుకు తరగతిలో వెనకబడినవాడు. వజ్దాకు గొంతు ఇచ్చిన అక్క కాగితం చూసి చదివిందా, కంఠతా వచ్చా అని అడిగాడు. కాగితం చూసే అన్నాను. ఆ కాగితం ఒకసారి ఇస్తారా అన్నాడు. ఇచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

అక్షరధార

అడగకండి. వచ్చే ఏడాదికి సంభాషణలు నాలుగు నెలల ముందే పంపుతాను, అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా. మొదటి ప్రతి అతనికి ఇవ్వండి.